ఈదయ్య ఎక్కడ కోసిండు?

నల్లగొండ,
5 ఫిబ్రవరి 2024

మామా,

హత్య జరిగింది. చేసినవాడు మా తెలుగు లెక్చరర్ రఘుపతి సార్. చచ్చింది నా వ్యాసంలో మొదటి పేరా. ఆయుధం ఎర్ర జెల్ పెన్ను. సాక్షులు నలభై ఒక్కమంది. అందరూ ఆ క్షణంలో తమ నోటుబుక్కుల్లోకి తలలు దూర్చుకున్న వీరులే.

నువ్వు బాగున్నావా, అత్త మోకాలు నొప్పి తగ్గిందా అన్నవి చివర్లో అడుగుతాను. కోపం చల్లారకముందే సంగతి రాయాలి. ఫోన్ చేద్దామంటే షోలాపూర్ పవర్‌లూములు నీ చెవులను ఎప్పుడో మింగేశాయి. నేను హాస్టల్ మెట్ల మీద నిలబడి అరిస్తే నీకు తప్ప నల్లగొండ మొత్తానికి వినపడుతుంది.

ఈ సెమిస్టర్‌లో మాకు ‘ఆగిన నాడె’ నాటకం పాఠంగా ఉంది. (నాడె అంటే మగ్గంలో పేక నూలుతో అటూ ఇటూ ఉరికేదని నోట్సులో చదివి తెలుసుకున్నాను.) ముప్పై ఏళ్ల కింద కొత్తకోటలో అందులో ఈదయ్య వేషం నువ్వే కట్టావట, అమ్మ చెప్పింది. మర్చిపోయి ఉంటావు కాబట్టి గుర్తు చేస్తున్నాను. ఈదయ్య అనే నేతగాడు ఆరు నెలలు కూర్చొని ఒక చీర నేస్తాడు. నూలు ఇచ్చిన సావుకారి ఆ చీరను పట్నంలో పోటీకి పంపి, నేసినవాడి పేరు రాయాల్సిన చోట తన కొడుకు పేరు రాయిస్తాడు. మెడల్ కొడుకు మెడలో పడుతుంది. చివరి రంగంలో ఈదయ్య కత్తి తీసుకొని మగ్గం మీదున్న పడుగు పోగులను కోసి బయటికి నడుస్తాడు. తెర పడుతుంది.

దీని మీద వ్యాసం రాయమన్నారు. నేను ఇలా మొదలుపెట్టాను:

“బట్ట నేసే చేతికి బట్ట లేదు! తరతరాలుగా సాగుతున్న ఈ దుర్మార్గాన్ని ఇంకెన్నాళ్లు సహిద్దాం? మేలుకోండి! ప్రశ్నించండి! కళ పేరుతో కష్టజీవుల నెత్తురు తాగే వ్యవస్థను నిలదీయండి! కలం పట్టిన ప్రతి చేయీ పిడికిలిగా మారాల్సిన సమయం ఆసన్నమైంది!”

ఇంకా ఏడు లైన్లు ఉన్నాయి, అన్నీ ఇంతకంటే వేడిగానే; మొత్తం జిరాక్స్ ఈ కవర్లోనే పెట్టాను. సార్ దాన్ని ఈ మూల నుంచి ఆ మూలకు కొట్టేసి, అందరికీ డిక్టేట్ చేసిన తన పేరా రాసుకొమ్మన్నాడు. అదేంటంటే:

“సాహిత్యం సమాజానికి దర్పణం వంటిది. సాహిత్య ప్రక్రియల్లో నాటకం విశిష్టమైనది. నాటకం చూసేవారికి ఆనందాన్ని, చదివేవారికి విజ్ఞానాన్ని అందిస్తుంది. అటువంటి విశిష్ట నాటకాల్లో ‘ఆగిన నాడె’ ఒకటి.”

ఏడేళ్లుగా ప్రతి బ్యాచ్‌కీ ఇదే పేరానట, నాటకం పేరు ఒక్కటే మారుతుంది. నా రూమ్మేట్ మిస్బా, దేవరకొండ పిల్ల, మెస్సులో నిలబడి దీన్నే ఇట్లా చదివింది: “పానీయాల్లో చాయ్ విశిష్టమైనది. తాగేవారికి ఆనందాన్ని, చూసేవారికి విజ్ఞానాన్ని అందిస్తుంది.” అందరూ పడీ పడీ నవ్వారు. నవ్వి, పోయి, అదే పేరా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఇచ్చారు. మిస్బా కూడా ఇచ్చింది. “నాకు మార్కులు గావాలె. విప్లవం సెలవుల్ల చేద్దాం తీ” అంటుంది.

ఇరవై తొమ్మిదో తారీఖు ఆఖరు. ఆ లోపల ఆయన పేరాతో మళ్లీ రాసి ఇవ్వకపోతే ఇంటర్నల్ మార్కులు సున్నా. ఇంటర్నల్ పోతే తెలుగు పేపరు పోయినట్టే. పోనీ! ఆయన రాసిన మాటల కింద నా పేరు పెట్టను. ఈదయ్యకు జరిగిందే నాకూ జరగాలంటే ఇక నాటకం చదివి ఏం లాభం?

నువ్వు స్టేజీ ఎక్కినవాడివి. నా పేరా అద్భుతంగా ఉందని రెండు ముక్కలు రాసి సంతకం పెట్టి పంపు. నోటీసు బోర్డులో అంటిస్తాను.

అత్త మోకాలు ఎట్లుంది?

పోరాట అభివందనాలతో,
సింధూజ


కొత్తకోట,
9 ఫిబ్రవరి

కోపాల కోడలికి,

నీ ఉత్తరం చేరింది. చేరిన తీరు మాత్రం చెప్పుకోవాలి. నేను మగ్గం గుంతలో ఉండగా పోస్టుమ్యాన్ దాన్ని ఎదురుంగ ఖుద్దూస్ హోటల్లో ఇచ్చి పోయాడు. ఖుద్దూస్ నీకు తెలుసు కదా, నాటకంలో నా ఎదుట సావుకారి వేషం కట్టినవాడు. మా మధ్య దాపరికాలు లేవు కనుక కవరు చింపి మొదటి రెండు మాటలు చదివి, పొయ్యి మీద చాయ్ గిన్నె అట్లనే వదిలి ఉరికొచ్చాడు. నా చెవిలో నోరు పెట్టి, “అరే భిక్షపతీ! నల్లగొండల మర్డరయిందంట! జల్ది లే!” అని అరిచిండు.

అంగీ తొడుక్కొని ఇద్దరం బస్టాండు దాకా ఉరికినం. అక్కడ బస్సు కోసం ఎదురు చూస్తూ, సరే ఎవరు చచ్చిండ్రో చూద్దామని మూడో వాక్యం చదివినం.

ఖుద్దూస్ నన్ను చూసిన చూపు వర్ణనాతీతం. (రాయడానికి కూర్చుంటే నాకు నాటకాల భాషే వస్తది, ఏమనుకోకు.) “నీ కోడలికి మొదలువెట్టుడైతే మస్తు తెలుసు పో” అన్నాడు. చాయ్ మాడి గిన్నె నల్లబడ్డది. ఆ పాపం నీ ఖాతాలోదే.

ఇక నీ పేరా. నిజం చెప్తే నీకు కోపం, చెప్పకుంటే నాకు అజీర్తి. కాబట్టి చెప్తున్న. మీ సార్ పేరా ఏ నాటకానికైనా సరిపోతది. నీ పేరా ఏ ధర్నాకైనా సరిపోతది. రెండూ కిరాయికి తెచ్చిన పెండ్లి కోట్లే బిడ్డా. ఎవడు తొడిగినా పడతది, ఎవనికీ కుట్టింది కాదు. పదకొండు లైన్లు ప్రపంచాన్ని తిట్టినవ్. అందులో ఈదయ్య ఏడీ? చీర ఏదీ? నాటకం పేరన్న ఉందా? ఖుద్దూస్‌తో రెండుసార్లు వెతికించిన. లేదు.

మా భాగవతం ఆటలో ఏ వేషగాడైనా సక్కగ వచ్చి నిలబడడు. ఇద్దరు ఒక బట్టను తెరలా పట్టుకుంటారు. వేషగాడు దాని వెనక నిలబడతాడు. హాస్యగాడు ఇవతల నుంచి అడుగుతాడు: “ఎవరయ్యా నువ్వు? ఏ ఊరు? ఏం పని మీద వచ్చినవ్?” ఈ మూడింటికీ జవాబు చెప్పినంకనే తెర దించుతారు. చెప్పకుండా ఊరికే రాగాలు తీస్తే తెర పట్టుకున్నోళ్ల చేతులు గుంజుతయి, “దిగురా నాయినా” అంటరు. మొదటి పేరా అంటే నాకు తెలిసినంతవరకు అదే. ఆ మూడింటికీ జవాబు చెప్పు, చాలు.

సంతకం పెట్టి పంపమన్నావు. పెట్టను. నచ్చిన రోజు పెడతా.

మోకాలు అట్లనే ఉంది. అడిగినందుకు మీ అత్త సంతోషపడ్డది, ఆఖరున అడిగినందుకు తిట్టింది.

మామ,
భిక్షపతి


నల్లగొండ,
13 ఫిబ్రవరి

కొత్తకోట వాస్తవ్యులు, గౌరవనీయులైన శ్రీ భిక్షపతి గారికి,

మీరు రఘుపతి సార్ పక్షాన చేరినందుకు అభినందనలు. ఆయనా మీరూ కలిసి ఫొటో దిగితే ఒక కాపీ పంపగలరు.

నేను మిమ్మల్ని నమ్మి మీ సలహాను తు.చ. తప్పకుండా పాటించాను. ఎవరు, ఏ ఊరు, ఏం పని మీద. తిరగరాసిన నా మొదటి పేరా ఇలా మొదలైంది:

“నేను సింధూజను. మాది చిట్యాల. మగ్గం మానేసి ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో చేరిన మురళీమోహన్ కూతురిని. దోపిడీని బట్టబయలు చేసే పని మీద ఈ వ్యాసంలోకి వచ్చాను. ఈదయ్య తన మగ్గాన్ని ముక్కలు ముక్కలుగా విరగ్గొట్టి వ్యవస్థకు సవాలు విసిరినట్టే, నేనూ...”

సార్ దీన్ని క్లాసులో గొంతెత్తి చదివాడు. “నేను సింధూజను” దగ్గర ఆగి, కళ్లజోడు తీసి, “ఏమ్మా, ఇది వ్యాసమా, పెండ్లి సంబంధానికి పంపే బయోడేటానా? ఎత్తు, రంగు కూడా రాయకపోయావా?” అన్నాడు. నలభై ఒక్కమంది నవ్వారు. మిస్బా నవ్వకుండా ఆపుకోవడానికి దుపట్టా నోట్లో కుక్కుకుంది, అది ఇంకా ఘోరం.

ఇదంతా మీ భాగవతం వల్ల.

నేను ఊరుకోలేదు. సాయంత్రం “పేరా నాది, పెత్తనం నీదా?” అని కరపత్రం రాసి, జిరాక్స్ తీయించి, ల్యాబు నుంచి సైకిల్ స్టాండు దాకా అంటించాను. అందులో ఈదయ్య మగ్గం విరగ్గొట్టిన సంగతి పెద్దక్షరాల్లో పెట్టాను. మర్నాడు పొద్దున చూస్తే సైకిల్ స్టాండు దగ్గర మేక ఒకటి రెండు కాపీలు నములుతోంది. మొత్తం కాలేజీలో నా కరపత్రాన్ని ఆసాంతం జీర్ణం చేసుకున్నది అదొక్కటే.

ప్రిన్సిపాల్ మేడమ్ పిలిచి మందలించింది. సార్ మాత్రం తిట్టలేదు. “తారీఖు ఇరవై తొమ్మిది. గుర్తుందిగా” అన్నాడు. తిడితే బాగుండేది.

ఇక మీ సలహాలు నాకు అక్కర్లేదు. మీ జవాబు కోసం ఎదురు చూడను. (అత్తకు వేడి నీళ్ల కాపడం పెట్టమని చెప్పండి.)

ఇట్లు,
మీ కోడలు కాని,
సింధూజ


కొత్తకోట,
17 ఫిబ్రవరి

మా కోడలు కాని సింధూజ గారికి,

కార్డు మీద రాస్తున్న, కోపానికి కవరు దండగ.

తెర ముందర నిలబడాల్సింది నువ్వు కాదు పిచ్చిదానా, నీ మాట. నీ ఊరు ఎవడడిగిండు? ఈ నాటకం గురించి నీకు తోచిన మాట ఏంది, అది నాటకంలో ఏ జాగా నుంచి వచ్చింది, ఏం తేల్చడానికి వచ్చింది, ఆ మూడూ అడిగిన. నేను సరిగ్గ చెప్పలేదు. తప్పు నాదే.

ఇంకోటి. ఈదయ్య మగ్గం విరగ్గొట్టిండు అని రాసినవ్. ఎక్కడ విరగ్గొట్టిండు? నా పుస్తకం ఎలుకల పాలైంది. నీ పుస్తకం తెరిచి చివరి రంగంలో కత్తి పట్టుకున్న చోట ఏం రాసి ఉందో, ఒక్క అక్షరం మార్చకుండా రాసి పంపు. ఎక్కడ కోసిండు?

భిక్షపతి


నల్లగొండ,
19 ఫిబ్రవరి

మామా,

మీరు, గారు మానేశాను. రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. కోపం మాత్రం అట్లనే ఉంది, పొరపాటు పడకు.

నువ్వు అడిగింది ఇదుగో. డెబ్బై ఎనిమిదో పేజీ, బ్రాకెట్లో, సన్న అక్షరాల్లో: “ఈదయ్య మగ్గం చుట్టూ ఒకసారి తిరుగుతాడు. అచ్చుకు వెనక మూరెడు వదిలి పడుగును కోస్తాడు. కత్తిని గూట్లో పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్తాడు.”

విరగ్గొట్టాడు అని లేదు, ఒప్పుకుంటున్నాను. కోశాడు. అయితే ఏంటి? విరగ్గొట్టినా కోసినా మగ్గం నాశనమే కదా. మూరెడో బారెడో, నేను వ్యాసం రాస్తున్నానా, బట్టలు కొలుస్తున్నానా? ఇంత చిన్న ముక్క పట్టుకొని నా పెద్ద మాటను పక్కదారి పట్టిస్తున్నావు. రఘుపతి సార్ కూడా ఇంతే. నోట్సులో ఆయన ఏం రాయించాడో తెలుసా? “ఈదయ్య ఆవేశంలో తన జీవనాధారమైన మగ్గాన్ని తానే నాశనం చేసుకున్నాడు. ఆవేశం అనర్థదాయకమని ఈ నాటకం బోధిస్తుంది.” చూశావా! తిరుగుబాటును పట్టుకొని ఆవేశమంటాడు!

నాకు తెలిసిపోయింది, నువ్వు ఏదో దాస్తున్నావు. ఈదయ్య వేషం సంగతి నేను గుర్తు చేసినా దాని గురించి ఒక్క ముక్కా రాయడం లేదు. లెక్చరర్ అంటే భయమా? ఉంటే ఉందని చెప్పు. భయపడేవాళ్లను నేను క్షమిస్తాను, కాకపోతే కొంచెం టైం పడుతుంది.

ఇంకా పది రోజులే ఉన్నాయి. మొదటి పేజీ పైన తెల్లగా వదిలి మిగతా వ్యాసమంతా రాసేశాను. ఆ తెల్ల జాగాను చూస్తే ఒళ్లు మండుతోంది.

సింధూజ


కొత్తకోట,
21 ఫిబ్రవరి

కోడలు పిల్లా,

దాస్తున్న మాట నిజమే. భయం కాదు, సిగ్గు. ముప్పై ఏళ్ల సిగ్గు. నీ మీద నమ్మకంతో చెప్తున్న, మళ్లా జిరాక్స్ తీయించకు.

అప్పుడు మాకు నాటకం నేర్పడానికి పాలమూరు నుంచి ఒక డైరెక్టరు వచ్చిండు. ఆయనకు మగ్గమంటే ఏందో తెలియదు. నాకు తెలుసు, కానీ స్టేజీ ఎక్కుతున్న సంతోషంలో తెలిసింది మరిచిన. మారయ్య తాత దగ్గర నిజం మగ్గాన్నే, పడుగుతో సహా అడుక్కొచ్చి స్టేజీ మీద నిలబెట్టినం. కోసినట్టు చెయ్యాలె, కొయ్యొద్దు, అదీ మాట. డైరెక్టరు మాత్రం చివరి నిమిషంలో నా భుజం తట్టి, “ఈ రోజు చరిత్ర సృష్టించాలి భిక్షపతీ! కసితో కొయ్యి! అంతా తెగాలి!” అన్నాడు. సృష్టించిన. అచ్చును, అదే పోగులన్నీ దూరి వచ్చే దువ్వెన లాంటి దాన్ని, ఆనుకొని, దాని పళ్ల కాన్నే, కత్తితో సరసర కోసేసిన. పోగులన్నీ అచ్చు పళ్లలోంచి జారి కుప్పబడ్డయి.

జనం చప్పట్లు కొడతారనుకున్న. ముందు వరుసలో మన నేతోళ్లంతా కూర్చున్నరు. వాళ్లు నవ్విండ్రు. పొట్టలు పట్టుకొని నవ్విండ్రు. ఒకాయన లేచి, “ఓ ఈదయ్యా! రేపు ఏం నేస్తవ్ రా, నీ పిండమా?” అన్నాడు. ఇంతలో మారయ్య తాత స్టేజీ ఎక్కి వచ్చి, ఈదయ్య చెంప మీద ఒక్కటి పీకిండు. నాటకంలో భాగమనుకొని వెనక వరుసల వాళ్లు విజిళ్లు కొట్టిండ్రు. ఖుద్దూస్ సావుకారి వేషంలో ఉండి మధ్యలో దూరితే వానికీ ఒకటి పడ్డది. ఆ వారమంతా నేను మారయ్య తాత ఇంట్ల కూర్చొని నాలుగు వేల పోగులు ఒక్కొక్కటి అచ్చు పళ్లలోకి ఎక్కించిన. ఇప్పటికీ కళ్లు మూస్తే అవే కనపడతయి.

ఇక చూడు. నేతోడు పడుగు అయిపోయినంక పాత పోగులను అచ్చులోంచి పీకడు. అచ్చు వెనక మూరెడు తోక ఉంచుతాడు. కొత్త పడుగు వచ్చినంక ఒక్కొక్క కొత్త పోగును ఒక్కొక్క పాత పోగుకు అతుకుతారు. అట్లయితే పూటలో పని అయిపోతది, మగ్గం మళ్లా నడుస్తది. ఆ మూరెడు లేకుంటే మగ్గం చచ్చినట్టే. ఇది మనోళ్లలో చిన్నపిల్లకూ తెలుసు. నీకు ఎందుకు తెలియదంటే, నువ్వు పుట్టేనాటికి మీ ఇంట్ల మగ్గం లేదు. నీ తప్పు కాదు.

ఇప్పుడు ఒక మాటంటే మండుతది, అయినా అంటున్న. మీ సార్ తిట్టిండు, నువ్వు పొగిడినవ్, అంతే తేడా. మగ్గం నాశనమైందన్న కాడ ఇద్దరిదీ ఒకటే మాట. ఇద్దరూ మగ్గం దిక్కు చూడలే.

నా మాట నమ్మకు. నేను ఒకసారి ఈ నాటకాన్ని చెడగొట్టినవాణ్ని. ఆదివారం చిట్యాల పోయి మీ అమ్మను అడుగు. మా అక్క ఎనిమిదేళ్లప్పటి నుంచి పెండ్లి దాకా పోగులు అతికింది. ఆ బ్రాకెట్లో ముక్క చదివి, ఏమీ చెప్పకుండా, ఏమంటదో విను.

భిక్షపతి


నల్లగొండ,
26 ఫిబ్రవరి

మామా,

నిన్న చిట్యాల పోయాను. పోయేటప్పుడు నువ్వు తప్పని నిరూపించాలన్న పట్టుదలతో పోయాను. నేనూ సార్ ఒకటే మాట మాట్లాడుతున్నామన్నావు కదా, ఆ అవమానం నన్ను నార్కట్‌పల్లి దాకా బస్సులో నిలబెట్టింది. సీటు ఖాళీ అయినా కూర్చోబుద్ధి కాలేదు.

అమ్మ జొన్నరొట్టె చేస్తోంది. నేను కథ చెప్పలేదు, సార్ సంగతి చెప్పలేదు. పుస్తకం తెరిచి ఆ మూడు వాక్యాలూ చదివాను. అమ్మ పెనం మీది నుంచి తలెత్తలేదు.

“మళ్ల ఎప్పుడు నేసిండు?” అంది.

“ఎవరు?”

“గాయనే. ఎవరో కోసిండన్నవు గద.”

“నెయ్యడమ్మా. కోసేసి వెళ్లిపోయిండు. నాటకం అయిపోయింది.”

“అయిపోవుడేంది? మూరెడు ఇడిసిండంటే మళ్ల నేస్తడు గదనే. పోయెటోడైతే అచ్చు కాన్నే కోస్తడు. నూలు ఎవరిది?”

“సావుకారిది.”

“అచ్చు?”

నేను పేజీలు తిప్పాను. రెండో రంగంలో ఉంది, ఈదయ్య నాయిన చేసిన అచ్చు. చెప్పాను.

“ఇగ ఏమున్నది? ఆయన నూలు ఆయనకు కోసిచ్చిండు, తనది తను ఉంచుకున్నడు. తలుపు గూడ దగ్గరికే ఏసిండు, తాళం ఎయ్యలే. కోపమున్నా పనిమంతుడే” అని రొట్టె తిప్పింది. అప్పుడు నా మొహం చూసి, “ఏమైందే? ఎందుకట్ల చూస్తున్నవు? రొట్టె మాడిందా?” అంది.

మామా, మూడు వారాలుగా నేను వ్యాసాలు రాసి, కరపత్రాలు అంటించి చెప్పలేనిది అమ్మ రొట్టె తిప్పేంత సేపట్లో చెప్పేసింది. నాలుగో తరగతిలో బడి మాన్పించారు ఆమెను, పోగులు అతకడానికి. బాపు పక్కనే పేపరు చదువుతున్నాడు. దాన్ని మడిచి పక్కన పెట్టాడు. లేచి తన వేళ్లను చూపించి, “అతికేటప్పుడు పోగు జారకుండ బూడిద రాసుకుంటుంటిమి” అని మళ్లీ పేపరు తీశాడు. మా ఇంట్లో మగ్గం గురించి ఆయన నోటి నుంచి నేను విన్న మొదటి మాట అది.

నా పెద్ద తిరుగుబాటు పోయింది. మగ్గం విరగలేదు, అగ్గి పుట్టలేదు. బస్సులో తిరిగి వస్తూ మొదట ఏడుపొచ్చింది. మునుగోడు రోడ్డు దాటాక ఇంకోటి తోచింది. కోపంతో అన్నీ తగలబెట్టేవాడికంటే, కోపం నిండా ఉండి కూడా ఎక్కడ కొయ్యాలో తప్పనివాడే సావుకారికి ఎక్కువ భయం కదా. హాస్టల్‌కు రాగానే రాశాను. పదిహేను సార్లు రాశాను. ఇదుగో:

“‘ఆగిన నాడె’ చివరి రంగంలో ఈదయ్య పడుగును కోస్తాడు. దీన్ని అందరూ మగ్గానికి చావుగానే చదువుతారు. కొందరు ఆవేశమని తిడతారు, కొందరు తిరుగుబాటని పొగుడుతారు. నేనూ అలాగే చదివాను. కానీ కత్తి ఎక్కడ పెట్టాడో నాటకకర్త రాశాడు: అచ్చుకు వెనక మూరెడు వదిలి. నేత మానేసేవాడు ఆ మూరెడు వదలడు. కొత్త పడుగును పాత పోగులకు అతికి మళ్లీ నేయాలనుకునేవాడే వదులుతాడు. తెగిన నూలు సావుకారిది, మిగిలిన అచ్చు ఈదయ్యది. ఈ నాటకం ఓటమితోనో ధ్వంసంతోనో ముగియదు. ఇక మీద నేసేది ఎవరి పేరు మీదనో ఈదయ్య తేల్చుకోవడంతో ముగుస్తుంది. ఆ మూరెడు పడుగు ఆధారంగా ఈ మాటను నిరూపించడమే ఈ వ్యాసం పని. శ్రమజీవుల చేతులకు తెలిసినంత మేధావుల మెదళ్లకు తెలియదన్నది చరిత్ర చాటిన సత్యం!”

దీని ప్రకారం మిగతా వ్యాసమంతా మార్చాల్సి వచ్చింది. పన్నెండు పేజీలు. వేళ్లు వాచాయి. ఇరవై తొమ్మిదిన ఇచ్చేస్తాను. తర్వాత ఏమైనా కానీ.

ఎందుకో కవరు అంటించే ముందు మళ్లీ మళ్లీ చదువుతున్నాను. కరపత్రాన్ని ఒక్కసారి కూడా చదవకుండానే అంటించాను.

నీ కోడలు (మళ్లీ),
సింధూజ


కొత్తకోట,
29 ఫిబ్రవరి

కోడలు పిల్లా,

ఇది నీకు అందేసరికి నువ్వు వ్యాసం ఇచ్చేసి ఉంటావు. తెలిసీ రాస్తున్న.

ఆఖరి వాక్యం తీసెయ్. చరిత్ర, చాటుడు, సత్యం. మిగతాదంతా కుట్టించుకున్న అంగీ, ఆ ఒక్కటి మాత్రం మళ్లా కిరాయి గుండీ. నువ్వు నిరూపిస్తానన్నవ్, బాగుంది. నిరూపించకముందే సార్ నెత్తి మీద మొట్టుడెందుకు? ఆ జాగాలో మా అక్క పేరు రాయి. ఈ సంగతి ఎవరు చెప్పిండ్రో వాళ్ల పేరు లేకపోతే నీకూ ఆ సావుకారికీ ఏం తేడా?

నా పేరు వద్దు. నాకు చెంపదెబ్బ చాలు.

ఖుద్దూస్‌కు చదివి వినిపించిన. రెండుసార్లు చదవమన్నడు. “ఇన్నేండ్లకు నాటకం సమజయింది రా” అన్నాడు. ఇంకా, అప్పుడు నా సంతకం కావాలంటివి కదా. ఇదుగో, పెద్దగా పెడుతున్న.

భిక్షపతి


నల్లగొండ,
2 మార్చి

మామా,

అబ్బ, ఎక్కడ మొదలుపెట్టాలి!

ఇరవై తొమ్మిదిన వ్యాసం ఇచ్చాను. సార్ నిలబడే మొదటి పేరా చదివాడు. ఎర్ర పెన్ను మూత తీశాడు. ఆఖరి వాక్యం కొట్టేశాడు, నువ్వు తీసెయ్యమన్నదే! నీ ఉత్తరం నాకు ఇవ్వాళ అందింది, చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ పెన్ను గీత మీద మొదటిసారి నాకు కోపం రాలేదు. ఖాళీ అయిన చోట అమ్మ పేరు అక్కడికక్కడే రాశాను.

తర్వాత సార్ కూర్చున్నాడు. తన పుస్తకం తీశాడు. డెబ్బై ఎనిమిదో పేజీ. ఆ బ్రాకెట్లో ముక్క చదివాడు. మళ్లీ చదివాడు. ఆయన పుస్తకంలో పేజీలన్నీ అండర్‌లైన్లే మామా, ఆ బ్రాకెట్ కింద మాత్రం గీత లేదు.

“ఇది ఏ విమర్శ గ్రంథంలో ఉంది?” అన్నాడు.

“ఎందులోనూ లేదు సార్. మా అమ్మ చెప్పింది.”

“మీ అమ్మగారు ఏం చదివారు?”

“నాలుగు సార్.”

క్లాసులో ఎవరో నవ్వబోయారు. సార్ ఆ వైపు చూశాడు, నవ్వు ఆగిపోయింది. “నేను మగ్గాన్ని దగ్గర నుంచి చూడలేదమ్మా” అన్నాడు మెల్లగా. ఆ మాట ఆయన నోటి నుంచి వస్తుందని నేను అనుకోలేదు. వెంటనే మళ్లీ లెక్చరర్ అయిపోయాడు: “చూడనిదానికి నేను మార్కులు వెయ్యలేను. నా పేరానూ పెట్టమనను. గురువారం డిపార్ట్‌మెంట్ సెమినార్ ఉంది. ఆ మూరెడు ఉంటే మగ్గం బతుకుతుందని అక్కడ అందరి ముందూ చూపించు. చూపిస్తే నీ పేరా అట్లాగే ఉంటుంది, ఇంటర్నల్ నిండుగా వేస్తాను. చూపించలేకపోతే సున్నాయే. సమ్మతమేనా?”

సమ్మతమే అన్నాను. నా గొంతు కంటే ముందు మిస్బా గొంతు వినపడింది. అంతటితో ఆగలేదు మహాతల్లి. లేచి నిలబడి, “సార్, నా పేపరు వాపసియ్యుండ్రి, మొదటి పేరా మల్ల రాస్త” అంది. ఆమె వెనక ఇంకో ఆరుగురు లేచారు. సార్ నెత్తి పట్టుకున్నాడు. ఇవ్వాళ మెస్సులో, “విప్లవం సెలవుల్లో అన్నావు కదే” అంటే, “రేపు ఆదివారమే గద” అంది.

కాబట్టి మామా, ఇది ఉత్తరం కాదు, పిలుపు. అత్తకూ ఖుద్దూస్ మామకూ కూడా వినపడేలా చదువు.

నీ దగ్గరున్న పాత అచ్చును అందులోని పోగులతో సహా, వెనక బారెడు పడుగు ఉంచి, జాగ్రత్తగా చుట్టుకొని బుధవారమే చిట్యాలకు వచ్చెయ్. అతకడానికి కొత్త నూలు బాపు తెస్తానన్నాడు. అడగకుండానే అన్నాడు. రెండు బెంచీలు ఎదురెదురుగా వేసి వాటి మధ్య పడుగు గుంజి కడదాం. కత్తి సార్ చేతికిస్తాను, కోసేది ఆయనే. ఎక్కడ కొయ్యాలో పక్కన నిలబడి చూపించేది అమ్మ. కోసినంక ఆ మూరెడుకు కొత్త పోగులు అతికి చూపించేదీ అమ్మే. కాలేజీ గేటు లోపలికి నేను రాను పో అంటోంది. కాబట్టి నువ్వు ఒక చెయ్యి, బాపు ఒక చెయ్యి పట్టుకొని తీసుకురావాలి.

మార్చి ఏడు, గురువారం. పొద్దున పదిన్నర. కాలేజీ మేడ మీద పద్నాలుగో నంబరు గది. ఒక్క నిమిషం ఆలస్యం కావొద్దు, అందరూ రండి.

సింధూజ,
శారదమ్మ కూతురు